సంఘం సొమ్ముకు సంఘమే సాక్షి: కోశాధికారిగా నా అనుభవం

ఖమ్మం జిల్లాలో ఒక సి.ఎస్.ఐ. (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) పాస్టరేట్‌కు నేను ఒక పూర్తి పదవీకాలం, అంటే మూడేళ్లు, కోశాధికారిగా పనిచేశాను. అంతకు ముందు ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో లెక్కల ఉపాధ్యాయురాలిగా పనిచేసి పదవీ విరమణ పొందాను. క్రైస్తవ నాయకత్వం గురించి మన సభల్లోనూ శిబిరాల్లోనూ చాలా మాట్లాడుకుంటాం. ప్రసంగించే వరం, ప్రార్థనా జీవితం, దర్శనం, సేవాభావం, ఇవన్నీ ఆ మాటల్లో తప్పకుండా వస్తాయి. డబ్బు పెట్టె తాళం ఎవరి దగ్గర ఉంది, ఆదివారపు కానుకను ఎవరెవరు లెక్కపెట్టారు, ఆ లెక్కను చూసే హక్కు ఎవరికుంది అన్న ప్రశ్నలు మాత్రం సాధారణంగా రావు. ఒక సంఘంలో నాయకత్వం ఎంత శ్రేష్ఠంగా ఉందో తెలుసుకోవాలంటే ముందు ఈ ప్రశ్నలే అడగాలని నా నమ్మకం. పది రూపాయలు కానుక వేసిన కూలి తల్లి కూడా జంకు లేకుండా లెక్క అడగగలిగి, అడిగినందుకు ఎవరూ నొచ్చుకోకుండా ఆమెకు పుస్తకం తెరిచి చూపించగలిగితే, ఆ సంఘ పెద్దలు తమకు అప్పగించిన పనిని బాగా చేస్తున్నట్టే. ఆ స్థితికి రావడానికి మా పాస్టరేట్‌లో ఏమేం చేశామో, దేనికి ఎవరు అడ్డు చెప్పారో ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

మండల కేంద్రంలో పెద్ద గుడి, చుట్టూ ఉన్న పల్లెల్లో చిన్న సంఘాలు కలిస్తే మా పాస్టరేట్. అందరికీ కలిపి అయ్యగారు, అంటే పాస్టరు, ఒక్కరే. పల్లెల్లో ఆదివారపు ఆరాధనను ఉపదేశులూ సంఘ పెద్దలూ నడుపుతారు, అయ్యగారు వంతులవారీగా వెళ్లి బల్ల (ప్రభు భోజనపు రొట్టె, ద్రాక్షారసం) ఇచ్చి వస్తారు. సభ్యుల్లో టీచర్లు, ఆర్టీసీ ఉద్యోగులు, సింగరేణిలో పనిచేసి రిటైరైనవాళ్లు కొద్దిమంది ఉన్నా, ఎక్కువమంది మిరప తోటల్లోనూ పత్తి చేలల్లోనూ కూలికి వెళ్లేవాళ్లే. మిరప కోతలు మొదలైతే కానుక సంచి బరువెక్కుతుంది, వానలకు ముందు పనులు లేని రోజుల్లో తేలికైపోతుంది. మా దగ్గరకు వచ్చే సొమ్ములో సింహభాగం ఎండలో నడుం వంచి సంపాదించినదని గుర్తుంటే తప్ప, తర్వాత మేము తీసుకున్న నిర్ణయాలు కొన్ని అర్థం కావు.

కోశాధికారిని సర్వసభ్య సమావేశంలో ఎన్నుకుంటారు. కన్ఫర్మేషన్ (బాప్తిస్మపు విశ్వాసాన్ని సొంతంగా ఒప్పుకునే ఆచారం) పొంది, బల్లలో పాలుపొందుతూ, సంఘ చందా బాకీ లేనివాళ్లకే ఓటు ఉంటుంది. కమిటీకి అయ్యగారు అధ్యక్షులు, కార్యదర్శీ కోశాధికారీ సభ్యుల్లోంచి వస్తారు. నాకు తెలిసినంతకాలం ఆ రెండు పదవులూ మగవారివే. స్త్రీలు ఎంత చదువుకున్నా స్త్రీల సమాజం లెక్కల దగ్గరే ఆగిపోయేవారు. 2013లో ఎగ్గోని పుష్పలలిత గారు నంద్యాల డయోసిస్‌కు (ఒక బిషప్ కింద ఉండే సంఘాల ప్రాంతం) బిషప్‌గా అభిషేకం పొంది సి.ఎస్.ఐ.లో తొలి మహిళా బిషప్ అయినప్పుడు మా గుడిలో కృతజ్ఞతా ప్రార్థన చేశాం, అందరం నిజంగానే సంతోషించాం. అయినా మా గుడి డబ్బు పెట్టె తాళం ఒక స్త్రీ చేతికి రావడానికి ఆ తర్వాత ఇంకొన్నేళ్లు పట్టింది. నా పేరు ప్రతిపాదించింది స్త్రీల సమాజం వాళ్లు. "టీచరమ్మా, మీకు లెక్కలు రావని అనను, బ్యాంకుకూ డయోసిస్ ఆఫీసుకూ తిరగడం మీ వల్ల అవుతుందా?" అని ఒక పెద్దాయన లేచి అడిగారు. అవుతుందని చెప్పాను. మరో పేరు రాకపోవడంతో ఎన్నిక అక్కడితో ముగిసింది.

నాకు అప్పగించినవి ఒక పొడుగు నోటు పుస్తకం, దారంతో కట్టిన బిల్లుల కట్ట, బ్యాంకు పాసుపుస్తకం, సగం వాడిన రసీదు పుస్తకాలు. నాకంటే ముందు ఆ పని చేసిన పెద్దాయన నిజాయితీపరులు, ఆయన మీద ఎవరికీ అనుమానం లేదు, నాకు కూడా లేదు. ఆ నిజాయితీ అంతా ఆయన జ్ఞాపకంలో ఉండేది, పుస్తకంలో ఉండేది కాదు. ఏడాదికొకసారి ఆరాధన అయ్యాక, జనం ఇళ్లకు వెళ్లాలని చూస్తున్న సమయంలో, ఆదాయం ఇంత, ఖర్చు ఇంత, నిల్వ ఇంత అని నాలుగు ముక్కలు చదివేవారు, అందరూ ఆమెన్ అనేవారు. దేని కోసం ఇచ్చిన డబ్బు దేనికి వాడారో ఆ నాలుగు ముక్కల్లో తెలిసేది కాదు.

కొద్ది వారాలకు కొత్తగా ఎన్నికైన కార్యదర్శులకూ కోశాధికారులకూ డయోసిస్ శిక్షణ ఏర్పాటు చేసింది. ఉదయం వాక్య ధ్యానం, తర్వాత ఒక ఆడిటర్ గారి తరగతి. ఒకే మనిషి నుంచి ఒకే రోజు రెండు లక్షలు గానీ అంతకు మించి గానీ నగదుగా పుచ్చుకోకూడదనీ, ఒకరికి ఒకే రోజు పదివేలకు మించి ఇవ్వాల్సి వస్తే చెక్కుగానో బ్యాంకు ద్వారానో ఇవ్వాలనీ, గుడి పేరున వచ్చిన డబ్బు ఒక్క పూట కూడా ఎవరి సొంత ఖాతాలోనూ ఉండకూడదనీ ఆయన విడమరిచి చెప్పారు. నాకు అన్నిటికన్నా నచ్చింది ఆయన చెప్పిన చిన్న సూత్రం: ఈ రోజు మీరు ఊపిరి విడిస్తే, రేపు ఇంకొకరు మీ పుస్తకాలు తెరిచి ఎవరినీ అడగకుండా లెక్క చెప్పగలగాలి.

శిక్షణ ముగిశాక కొందరం కలిసి దోర్నకల్ వెళ్లి ఎపిఫనీ కెథడ్రల్ చూసి వచ్చాం. 1939లో ప్రతిష్ఠించిన ఆ గుడిని చూస్తే పాశ్చాత్య దేశాల చర్చి అనిపించదు. గుమ్మటాలూ మినార్లూ మసీదును తలపిస్తాయి, లోపలి రాతి స్తంభాల వరస మన ఆలయ మండపాలను తలపిస్తుంది. దాన్ని కట్టించిన బిషప్ వేదనాయకం శామ్యూల్ అజరయ్య గారు తిరునల్వేలి ప్రాంతంలో 1874లో పుట్టిన తమిళులు. 1909లో మిషనరీగా దోర్నకల్ వచ్చి, తెలుగు నేర్చుకుని, 1912 డిసెంబరు 29న కలకత్తాలో బిషప్‌గా అభిషేకం పొందారు. ఆంగ్లికన్ సంఘంలో బిషప్ అయిన మొదటి భారతీయుడు ఆయనే. 1945 జనవరి 1న చనిపోయేదాకా దోర్నకల్ డయోసిస్‌కే బిషప్‌గా ఉన్నారు. ఆయన కాలంలో సంఘంలో చేరినవాళ్లలో అత్యధికులు మాల, మాదిగ పేటల కూలి జనం. అంత పేద సంఘాలు కూడా విదేశీ మిషన్ సొమ్ము మీద కాక తమ కానుకల మీదే నిలబడాలని ఆయన పట్టుబట్టారు. బాప్తిస్మం పొందిన ప్రతివారి చేతా తల మీద చెయ్యి పెట్టించి, సువార్త ప్రకటించకపోతే నాకు శ్రమ, అంటే నాకు కీడు, అన్న పౌలు మాటను పలికించేవారని మా పెద్దలు ఇప్పటికీ చెప్పుకుంటారు. అంటే ఆయన దృష్టిలో సంఘ బాధ్యత బిషప్‌దో, మిషనరీదో, అయ్యగారిదో మాత్రమే కాదు. నిన్న బాప్తిస్మం పొందిన పాలేరుది కూడా. బాధ్యతలో అందరికీ పాలున్నప్పుడు లెక్క తెలుసుకోవడంలోనూ అందరికీ పాలుండాలని నాకు అక్కడే గట్టిగా అనిపించింది.

తిరిగి వచ్చాక కమిటీ ముందు మొదట పెట్టిన ప్రతిపాదన ఆదివారపు కానుకను లెక్కపెట్టే పద్ధతి గురించి. అప్పటిదాకా ఆరాధన ముగిశాక కోశాధికారి కానుక సంచులను ఇంటికి తీసుకువెళ్లి, లెక్కపెట్టి, పుస్తకంలో రాసుకునేవారు. ఇకమీదట గుడిలో అయ్యగారు సిద్ధమయ్యే వెస్ట్రీ గదిలోనే, వేర్వేరు కుటుంబాలకు చెందిన ఇద్దరు కూర్చుని లెక్కపెట్టాలనీ, ఆ ఇద్దరిలో కోశాధికారి ఉండకూడదనీ అన్నాను. గదిలో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత ఒక పెద్దాయన తన బైబిలు తెరిచి రాజులు రెండవ గ్రంథం 12వ అధ్యాయం 15వ వచనం చదివారు. యోవాషు రాజు కాలంలో మందిరం బాగుచేయించినప్పుడు, పనివారికి ఇవ్వమని ద్రవ్యం అప్పగించినవాళ్లు నమ్మకస్థులు కాబట్టి వాళ్లను లెక్క అడగలేదని ఆ వచనం. "దేవుని పనిలో ఉన్నవాళ్లను అనుమానించడం వాక్యానుసారం కాదమ్మా" అన్నారు ఆయన.

ఆయన మాటను తేలిగ్గా తీసెయ్యాలని నాకు లేదు, ఎందుకంటే నమ్మకం లేనిచోట సంఘం ఉండదు. అదే అధ్యాయంలో కొంచెం పైన ఉన్న మాటలు చదవమని ఆయననే కోరాను. యెహోయాదా యాజకుడు పెట్టె మూతకు బెజ్జం చేసి బలిపీఠం పక్కన పెట్టించాడు. ద్రవ్యం ఎక్కువైనప్పుడు రాజు దగ్గరి లేఖకుడు ఒకడు, ప్రధాన యాజకుడు ఒకడు, ఇద్దరూ కలిసి వచ్చి లెక్కచూసి సంచుల్లో కట్టారు. లెక్కచూడటం అంతా అయ్యాకే, పనివారి దగ్గర ఆ నమ్మకం కనిపిస్తుంది. అయ్యగారు కొరింథీయులకు రాసిన రెండవ పత్రిక 8వ అధ్యాయం గుర్తుచేశారు. యెరూషలేము పేదల కోసం పోగుచేసిన చందాను పౌలు ఒక్కడే పట్టుకువెళ్లలేదు. తీతుతో పాటు సంఘాలు ఏర్పరచిన సహోదరుణ్ని కూడా పంపాడు, ప్రభువు దృష్టిలోనే కాక మనుషుల దృష్టిలో కూడా యోగ్యంగా ఉండాలని ఆలోచిస్తున్నామని కారణం కూడా రాశాడు. అపొస్తలుడే తన మీద తప్పు మోపే సందు ఉండకూడదని జాగ్రత్త పడినప్పుడు మనకు చిన్నతనం ఏముందని అయ్యగారు అడిగారు. పెద్దాయన బైబిలు మూసి, మొదటి ఆదివారం లెక్కపెట్టే ఇద్దరిలో ఒకరిగా తన పేరు రాయమన్నారు. ఆయన మీద నాకున్న గౌరవం ఆ రోజుతో రెట్టింపయింది.

ఆ లెక్కపెట్టే బల్ల దగ్గరి పని ఎలా సాగుతుందో కొంచెం చెప్పాలి. ముందు సంచులన్నీ ఒక దుప్పటి మీద కుమ్మరిస్తారు. కవర్లు పక్కకు తీసి, ఒక్కొక్కటీ విప్పి, లోపలి మొత్తాన్ని కవరు మీదే రాసి ఇద్దరూ పొడి సంతకం పెడతారు. ఆ కవర్ల మీద మా జనం రాసే మాటలు చదివితే కళ్లు చెమరుస్తాయి. బిడ్డ జ్వరం తగ్గినందుకు, బోరులో నీళ్లు పడినందుకు, కోడలు కాన్పు సుఖంగా జరిగినందుకు అని రాసి ఇరవై, యాభై, నూరు రూపాయలు పెడతారు. చెమటకు మెత్తబడి నాలుగు మడతలైన పది రూపాయల నోట్లను చేత్తో సాపు చేసి, నోట్లు వేరుగా, నాణేలు వేరుగా పెట్టి, ఏ నోటు ఎన్ని అన్నది ముద్రించిన కాగితం మీద రాస్తారు. కింద ఇద్దరి సంతకాలు, తర్వాత నేను ఆ మొత్తాన్ని అందుకున్నట్టు నా సంతకం. ఒక ప్రతి వాళ్ల దగ్గర, ఒక ప్రతి నా ఫైలులో. సోమవారం బ్యాంకులో కట్టిన చలానాను ఆ కాగితానికే గుచ్చుతాను. ఆదివారపు కానుకలోంచి నేరుగా ఏ ఖర్చూ పెట్టకూడదు, గుడి ముందు పందిరి వేసినవాడు చెయ్యి చాచి నిలబడినా సరే. మొత్తం బ్యాంకులో పడ్డాకే వోచరు మీద ఖర్చు. ఈ ఒక్క నియమం అలవాటు కావడానికి మిగతా అన్నిటికన్నా ఎక్కువ కాలం పట్టింది.

నెలసరి లెక్కను గుడి వరండాలో అంటించడం మొదలుపెట్టాం. చదువుకున్నవాళ్లు ఆగి చూసేవారు, పల్లెల్లోని పెద్ద వయసు ఆడవాళ్లకు మాత్రం ఆ కాగితం వల్ల ఒరిగేదేమీ లేదు. అందుకని ఒక్కొక్క పల్లెకూ వెళ్లి, కుటుంబ ప్రార్థన అయ్యాక, ఆ పల్లె నుంచి వచ్చిన కానుక ఎంతో, దేనికి ఖర్చయిందో నోటితో చెప్పేదాన్ని. ఒక పల్లెలో ముసలితల్లి ఒకామె నేను చెప్పిందంతా విని, "మా గుప్పెడు బియ్యం డబ్బులు ఏమైతున్నయి టీచరమ్మా? నువ్వు చదివిన దాంట్ల అది రాలే" అన్నది.

గుప్పెడు బియ్యం అంటే, పూటపూటా ఎసట్లో బియ్యం పోసేముందు ఒక గుప్పెడు తీసి దేవునికని వేరే డబ్బాలో వేయడం. నెలాఖరుకు స్త్రీల సమాజం వాళ్లు ఇంటింటికీ తిరిగి ఆ బియ్యం పోగుచేసి, అమ్మి, డబ్బు గుడికి కడతారు. తల్లి కడుపు కొంచెం మాడ్చుకుని చేసే దానం అది. పాత పుస్తకాలు తిరగేసి చూస్తే ఆ డబ్బును ఏళ్ల తరబడి మామూలు ఆదాయంలో కలిపేశారు, కరెంటు బిల్లుకూ సున్నాలకూ అదీ ఖర్చయింది. మోసం ఎవరూ చేయలేదు. చదువుకునే పేద ఆడపిల్లల కోసమని చెప్పి పోగుచేసిన బియ్యం కరెంటు బిల్లయితే, ఇచ్చిన తల్లుల మనసును మాత్రం ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. కమిటీలో తీర్మానం చేసి దానికి వేరే లెడ్జరు పెట్టాం, అందులోంచి తీసే ప్రతి రూపాయికీ స్త్రీల సమాజం కార్యదర్శి సంతకం తప్పనిసరి చేశాం. తర్వాతి విడత ఆ పల్లెకు వెళ్లినప్పుడు ఏ ఊరి అమ్మాయి హాస్టల్ ఫీజుకు ఎంత కట్టామో ముందు అదే చెప్పాను.

మా పాస్టరేట్‌కు పెద్ద ఆదాయం పంటల పండుగ. ఆ రోజు గుడి ముందు గుమ్మడికాయలు, అరటి గెలలు, నాటుకోళ్లు, బియ్యం బస్తాలు, ఎండు మిరప బస్తాలు రాశి పోస్తారు, ఆరాధన అయ్యాక వేలం పాట సాగుతుంది. పాడుకున్నవాళ్లు ఆ వస్తువును మళ్లీ గుడికే ఇచ్చేయడం, దాన్ని మళ్లీ పాట పెట్టడం రివాజు, ఒక్క గుమ్మడికాయే పూట గడిచేలోగా అనేకమంది చేతులు మారుతుంది. ఆ ఉత్సాహం చూడముచ్చటగా ఉంటుంది, నేను దాన్ని ఎప్పుడూ తక్కువ చేసి మాట్లాడను. ఆ ఉత్సాహంలోనే "రాసుకోండి, కోతల డబ్బు రాగానే ఇస్తా" అనే మాట కూడా వస్తుంది. అలా రాసుకున్న బాకీల జాబితా నా చేతికి వచ్చేనాటికి పేజీలకు పేజీలు ఉంది. కొన్ని బాకీలు ఆ పాడినవాళ్లు చనిపోయినా కొడుకుల పేర్ల మీద సాగుతున్నాయి.

నా మొదటి పంటల పండుగ అయిన మర్నాడు పొద్దున్నే ఒకామె మా ఇంటికి వచ్చింది. కూర్చోమన్నా కూర్చోలేదు, గుమ్మం పట్టుకుని నిలబడింది. భర్త ముందురోజు ఒక కోడిపుంజును పదిహేను వందలకు పాడాడు, అందులో పావు వంతు కూడా ఇంట్లో లేదు, ఉన్న కొంచెం కొడుకు ఫీజుకు దాచింది. ఆమె డబ్బు గురించి గడువు అడుగుతుందనుకున్నాను. ఆమె అడిగింది వేరే: "గుడి బాకీ ఉంటే బల్ల ఇయ్యరా అమ్మా?" చందా బాకీ ఉంటే ఓటు ఉండదన్న నియమం ఆ ఇంటికి అలా చేరింది. అలాంటిదేమీ లేదని, బల్లకూ బాకీకీ సంబంధం లేదని ఎన్నో విధాల చెప్పి పంపాను.

అజరయ్య గారు పల్లె సంఘాలకు నాలుగు శత్రువులున్నాయనేవారు: మురికి, రోగం, అప్పు, తాగుడు. అప్పుల్లోంచి కూలి జనాన్ని బయటికి లాగడం సువార్త పనిలో భాగమని నమ్మిన బిషప్ నడిచిన నేల మీద, గుడే వాళ్లకు అప్పులవాడు కావడం నాకు సహించరానిదిగా తోచింది. ఆ మాటే కమిటీలో చెప్పాను. చర్చ పొద్దుపోయేదాకా సాగింది. బాకీదారుల పేర్లు గుడిలో చదివితే సిగ్గుకైనా కడతారని కొందరు, చదివితే మొత్తానికే గుడికి రావడం మానేస్తారని కొందరు. చివరికి పాత బాకీలన్నీ ఒక ఆదివారం ప్రార్థన చేసి రద్దు చేయాలనీ, ఇకమీదట పాటకు వచ్చేవాళ్లు చేతిలో ఉన్నదాని మేరకే పాడాలనీ, తప్పనిసరైతే నెలలోపు చెల్లించాలనీ, చెల్లించలేనివారి ఇంటికి నేనూ ఒక సంఘ పెద్దా వెళ్లి గుట్టుగా మాట్లాడి కొట్టేయాలనీ తీర్మానించాం. సణుగుకోకుండా, బలవంతం లేకుండా ఇవ్వాలన్న పౌలు మాటకు లోబడటం అంటే ఇదేనని అయ్యగారు ఆ ఆదివారం ప్రసంగించారు. మరుసటి ఏడు పాటలో వచ్చిన మొత్తం తగ్గింది, ఆ తగ్గుదలను దాచకుండా వరండాలో అంటించాం. డయోసిస్‌కు పంపాల్సిన వాటా కోసం ఆ ఏడు ఉద్యోగస్థుల ఇళ్ల దగ్గర అదనంగా కానుక అడగాల్సి వచ్చింది. అడగగలిగాం, ఇచ్చారు.

గుడి కప్పు మరమ్మతు నాటి అనుభవం అంత సాఫీగా జరగలేదు. వానకు బలిపీఠం వైపు కారడంతో పని తప్పనిసరైంది. మూడు కొటేషన్లు తెప్పిద్దామంటే కమిటీలో ఒకరు, తమ బంధువు మేస్త్రీ ఉన్నాడనీ, సంఘస్థుడేననీ, మనవాణ్ని పెట్టుకుని బయటివాళ్లను అడగడం అవమానమనీ అన్నారు. సంఘస్థుడు కూడా కొటేషన్ ఇవ్వవచ్చని, మూడూ కమిటీ ముందే విప్పుదామని నేను అన్నాను. విప్పితే ఆయనది రెండోదిగా వచ్చింది, తక్కువకు చేస్తానన్న వేరే ఊరి మేస్త్రీకి పని దక్కింది. పని బాగా జరిగింది, కప్పు ఇప్పటికీ కారడం లేదు. ఆ ఇంటివాళ్లలో కొందరు మాత్రం నాతో నేటికీ ముభావంగానే ఉంటారు. పండుగకు పిలుస్తాను, రారు. నాయకత్వ శిబిరాల్లో ఈ రకం బాధ గురించి ఎవరూ ముందుగా చెప్పరు. చేసిన నిర్ణయం సరైనదే అయినా, ఒక ఇంటి తలుపు మూసుకుపోయినందుకు కలిగే దుఃఖం అలాగే ఉంటుంది.

అదే పనికి సాయం చేస్తానని అమెరికాలో స్థిరపడిన మా సంఘపు కుర్రవాడు ఫోన్ చేశాడు. ఆ పిల్లవాడికి సండే స్కూల్లో వచనాలు నేర్పింది నేనే. భారత పౌరసత్వం ఉన్నవాళ్లు విదేశాల్లో తమ సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపితే ఇబ్బంది లేదు. అతను అప్పటికే అమెరికా పౌరుడయ్యాడు కాబట్టి విదేశీ విరాళాల చట్టం దాన్ని విదేశీ విరాళంగానే చూస్తుంది. దాన్ని పుచ్చుకోవాలంటే ఆ చట్టం కింద రిజిస్ట్రేషన్ కావాలి. 2020లో చట్టాన్ని సవరించాక ఢిల్లీలోని స్టేట్ బ్యాంక్ ప్రధాన శాఖలో తెరిచిన ఖాతాలోకే ఆ డబ్బు రావాలి. మా పాస్టరేట్‌కు అవేమీ లేవు. "అక్కడ మా అమ్మ ఖాతాకు పంపితే ఆమె తీసి ఇస్తుంది గదా టీచర్" అన్నాడు ప్రేమగా. వద్దని చెప్పాను. డబ్బు అవసరం ఎంత ఉన్నా, దేవుని మందిరానికి వచ్చే సొమ్ము దొడ్డిదారిన రాకూడదు. ఆ పిల్లవాడు నొచ్చుకోలేదు, సెలవుల్లో వచ్చినప్పుడు కప్పు చూసి మురిసిపోయాడు.

రెండో ఏడు నుంచే నా తర్వాత ఈ పని చేయగలవాళ్లను వెతకడం మొదలుపెట్టాను. మళ్లీ నిలబడమని చాలామంది అడిగారు, ప్రేమతోనే అడిగారు. ఒక పదవిలో ఒకే మనిషి పాతుకుపోతే లెక్క మళ్లీ ఆ మనిషి జ్ఞాపకంలోకి జారిపోతుందని నాకు భయం. యవనస్థుల సంఘంలో బి.కాం. చదివిన అబ్బాయి ఉన్నాడు, మొబైల్ దుకాణంలో పనిచేస్తాడు. అతణ్ని లెక్కపెట్టే బల్ల దగ్గర కూర్చోబెట్టాను, వోచర్లు రాయించాను, ఆడిట్‌కు వెళ్లినప్పుడు వెంట తీసుకువెళ్లాను. అతను వచ్చాక ఒక కొత్త సంగతి బయటపడింది. ఒక పల్లెలో యవనస్థులు ఎవరిదో సొంత ఫోన్ నంబరుకు కట్టిన క్యూఆర్ కాగితాన్ని గుడి గోడకు అంటించి కానుకలు తీసుకుంటున్నారు. మంచి మనసుతోనే చేశారు. ఆ అబ్బాయి వాళ్లతో వాదన పెట్టుకోకుండా, బ్యాంకుకు వెళ్లి పాస్టరేట్ ఖాతాకే క్యూఆర్ తెప్పించి, పాత కాగితం మీద కొత్తది అంటించి, అప్పటిదాకా వచ్చిన డబ్బును వాళ్ల చేతే గుడి ఖాతాలోకి పంపించి రసీదులు రాసిచ్చాడు. నేనైతే కమిటీలో తీర్మానం పెట్టి ఉండేదాన్ని. అతని పద్ధతి మేలైనది.

ఎన్నికల్లో అతనే కోశాధికారి అయ్యాడు. కమిటీ ముందు నగదు లెక్కపెట్టి, పాసుపుస్తకం, లెడ్జర్లు, ఫైళ్లు, రసీదు పుస్తకాల వరస నంబర్లు, రావలసినవీ ఇవ్వవలసినవీ అన్నీ రాసిన అప్పగింత కాగితం మీద ఇద్దరం సంతకాలు చేశాం. నా చివరి ఏడాది లెక్కలను సర్వసభ్య సమావేశంలో చదవాల్సింది మాత్రం అతనే. చదువుతూ చదువుతూ డిసెంబరు దగ్గర ఆగి, అందరి ముందూ నన్ను అడిగాడు: "టీచరమ్మ గారూ, క్రిస్మస్‌కు జనరేటర్ డీజిల్ బిల్లులు రెండున్నాయి. ఒకటి రాత్రి ఆరాధనకు. రెండోది దేనికండీ?" రెండోది పల్లెలో యవనస్థుల నాటకానికని చెప్పాను. వోచరు వెనక యవనస్థుల కార్యదర్శి సంతకం ఉంటుంది చూడమన్నాను. అతను ఫైలు తిప్పి, సంతకం చూసి, పక్కన టిక్కు పెట్టి, జనవరిలోకి వెళ్లాడు. వెనక వరసలోంచి గుప్పెడు బియ్యం లెడ్జరు కూడా చదవమని ఎవరో అడిగారు.